నార్బర్ట్ వీపు

నార్బర్ట్ లెక్కలో మనుషులు రెండే రకాలు. ఎదురుగాలిలో ముందుండి సైకిల్ తొక్కేవాళ్ళు ఒక రకం. వాళ్ళ వెనక చక్రానికి అంటుకుని, ఒంటికి గాలి తగలకుండా హాయిగా వచ్చేవాళ్ళు రెండో రకం. ఈ రెండో రకానికి ఆయన పెట్టిన పేరు జలగలు. దొంగల్ని క్షమిస్తాడు, పన్నులు ఎగ్గొట్టేవాళ్ళని క్షమిస్తాడు, ఆఖరికి ఘెంట్ ఊరివాళ్ళని కూడా కాస్త గింజుకుని క్షమిస్తాడు గానీ, తన వంతు వచ్చినప్పుడు ముందుకు రాని జలగని మాత్రం చచ్చినా క్షమించడు.

బ్రూజ్ చుట్టుపక్కల పల్లెల్లో జీవితమంతా సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరైన మనిషాయన. సముద్రం పక్కన చదును నేల, కొండ లేదు, గుట్ట లేదు, గాలికి అడ్డమంటే మనిషి వీపొక్కటే. అందుకని అక్కడ నలుగురు కలిసి సైకిళ్ళెక్కితే వంతులవారీగా ముందుంటారు. ముందున్నవాడు అలిసిపోతే మోచెయ్యి కాస్త ఆడిస్తాడు, ఇక నువ్వు రా అని. వెనకవాడు మారుమాట లేకుండా ముందుకొస్తాడు. ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలిసే ఉంటుందని నార్బర్ట్ నమ్మకం.

ఈ సిద్ధాంతంతో ఊరిని ఏమాత్రం ఉద్ధరించాడో గానీ, కూతురు అన్నెలీన్ ఇంటికి తీసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళని మాత్రం శుభ్రంగా తరిమేశాడు. మొదటివాడు కాలువ గట్టు మీద ఆయన్ని దాటి, వెనక్కి చూడకుండా తుర్రుమన్నాడు. "రేపు సంసారంలోనూ ఇంతే, పెళ్ళాం ఏ ఊళ్ళో దిగబడిందో కూడా చూసుకోడు," అన్నాడు నార్బర్ట్ వాడికి వినబడేట్టు. రెండోవాడు దారి పొడుగునా వెనకే ఉండి ఈల వేసుకుంటూ వచ్చాడు. "జలగ," అన్నాడు భోజనాల బల్ల దగ్గర, వాడు సూపు చెంచా నోట్లో పెట్టుకుంటున్నప్పుడు. ఆ తర్వాత చలికాలమంతా అన్నెలీన్ ఆదివారం భోజనానికి ఇంటి ఛాయలకి రాలేదు. నార్బర్ట్ ప్రతి ఆదివారం ఆమె కుర్చీ వైపు చూడకుండా సూపు తాగాడు. తాగి చూస్తే తెలుస్తుంది అదెంత కష్టమో.

ఇప్పుడు మూడోవాడు. పేరు యోరిస్. పైగా ఘెంట్ వాడు. బ్రూజ్ వాళ్ళు ఘెంట్ వాళ్ళని ఉరితాడుగాళ్ళంటారు, ఘెంట్ వాళ్ళు బ్రూజ్ వాళ్ళని పిచ్చోళ్ళంటారు. ఏ కాలపు గొడవో ఏమో, రెండు ఊళ్ళకీ ఇంకా సరదా తీరలేదు. అదీ చాలదన్నట్టు, అతని పని అద్దాల షెడ్డులో బిగోనియా పూలు పెంచడం.

"అద్దాల కొట్లో పెరిగాడన్నమాట! గాలంటే ఏమిటో పుస్తకాల్లో చదువుకుని ఉంటాడు పాపం," అన్నాడు నార్బర్ట్ శనివారం సాయంత్రం వంటింట్లో.

భార్య గోడెలీవ బంగాళాదుంపల చెక్కు తీస్తున్న కత్తి పక్కన పెట్టింది. ఆవిడ కత్తి పక్కన పెట్టిందంటే విషయం ముదిరిందన్నమాట.

"నార్బర్ట్, ఇటు తిరుగు. నవ్వులాటకి చెప్పడం లేదు. అది ఆ అబ్బాయిని చేసుకుంటోంది. నిన్ను అడిగి కాదు, చెప్పి. రేపు నువ్వు తోక తొక్కిన పాములా బుసకొట్టావా, ఈసారి అబ్బాయి ఒక్కడే పోడు, వాడితో పాటు పిల్లా పోతుంది. ఆదివారం ఆదివారం నేను రైలెక్కి ఘెంట్ పోయి వాళ్ళింట్లో తింటాను. నువ్విక్కడ నీ గాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సూపు తాగు."

"నేనిప్పుడేమన్నానని?"

"అనబోతావు. నాకు తెలీదూ? రేపు సైకిల్ తొక్కడం గురించి నీ నోట్లోంచి ఒక్క మాట ఊడిపడకూడదు. గాలి, చక్రం, వంతు, జలగ... అన్నీ బంద్. ఒట్టెయ్యి."

"మరేం మాట్లాడమంటావే?"

"పూల గురించి మాట్లాడు."

నార్బర్ట్ ఒట్టేశాడు. మొండివాడే గానీ మాట తప్పేవాడు కాదు. పోయిన చలికాలపు సూపు రుచి ఇంకా నాలుక మీదే ఉంది మరి.

ఆదివారం పొద్దున్నే నలుగురూ డామ్ అనే ఊరి మీదుగా పోయే కాలువ వెంట బయల్దేరారు. సరిహద్దు దాటి హాలండ్ వాళ్ళ స్లౌస్ ఊళ్ళో పాన్‌కేకులు తిని, మధ్యాహ్నం దాటాక అదే గట్టున వెనక్కి రావడం. అన్నెలీన్ పుట్టకముందు నించీ ఆ ఇంట్లో ఆదివారమంటే అదే. యోరిస్ వాళ్ళమ్మ సైకిల్ మీద వచ్చాడు, ముందు బుట్టతో సహా. ప్యాంటు కాళ్ళు మేజోళ్ళలో దోపుకున్నాడు. నార్బర్ట్ ఆ బుట్టని చూశాడు, మేజోళ్ళని చూశాడు, ఆకాశాన్ని చూశాడు, నోరు మూసుకున్నాడు.

పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తోంది. పోప్లార్ చెట్లన్నీ ఒకే వైపుకి వంగి, దారి చూపిస్తున్నట్టు నిలబడ్డాయి. అలాంటి గాలిలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్నే లేదు. నలుగురూ పక్కపక్కనే, కాళ్ళు ఆడించకపోయినా పోతున్నారు.

"బిగోనియాకి నీళ్ళెక్కువ కావాలా?" అన్నాడు నార్బర్ట్, ఒట్టు గుర్తుపెట్టుకుని.

"ఎక్కువైతే కుళ్ళిపోతాయండీ," అన్నాడు యోరిస్.

"ఓహో."

అక్కడితో పూల ముచ్చట అయిపోయింది. ఇంకా డామ్ ఊరు కూడా రాలేదు. నార్బర్ట్ కి ఆ రోజు చాలా పొడుగ్గా కనిపించింది.

అయినా స్లౌస్ లో పాన్‌కేకుల దగ్గర పరవాలేదనిపించుకున్నాడు కుర్రాడు. పళ్ళెం అంచులు దాటిన పాన్‌కేకు, పైన పంది మాంసం ముక్కలు, దాని మీద చెరకు పాకం ధారగా పోసుకుని, ఒక్క తునక మిగల్చకుండా తిన్నాడు. తిండి దగ్గర మొహమాటపడని మనిషంటే నార్బర్ట్ కి ఇష్టం. గోడెలీవ బల్ల కింద నుంచి ఆయన కాలు మెల్లిగా తట్టింది, బాగానే నడుస్తోందని. అన్నెలీన్ కూడా చాన్నాళ్ళకి తండ్రి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నార్బర్ట్ కాఫీలో పంచదార రెండుసార్లు వేసుకున్నాడు.

మరి వెనక్కి తిరిగారో లేదో, గాలి మొహం మీద కొట్టింది.

నార్బర్ట్ ఎవరూ అడక్కముందే ముందుకెళ్ళాడు. ఆయన వెనక యోరిస్, అతని వెనక ఆడవాళ్ళిద్దరూ. టోపీ వెనక్కి తిప్పి, తల దించి, గాలిని రొమ్ముతో తోసుకుంటూ కాసేపు తొక్కాడు. సరే, తన వంతు అయింది. మోచెయ్యి ఆడించాడు.

ఎవరూ రాలేదు.

ఇంకోసారి ఆడించాడు, కాస్త పెద్దగా. వెనకనుంచి మర్యాదగా ఒక గొంతు వినిపించింది.

"నార్బర్ట్ గారూ, మోచెయ్యి నొప్పా?"

నార్బర్ట్ పళ్ళు పటపటా కొరికాడు. ఒట్టు. గాలి, చక్రం, వంతు, జలగ, అన్నీ బంద్. "లేదు," అన్నాడు.

కాసేపాగి మళ్ళీ ఆడించాడు. ఈసారి మోచేతిని కోడి రెక్క కొట్టినట్టు టపటపలాడించాడు.

"నా దగ్గర నొప్పి మందుందండీ, బుట్టలో. ఆగితే రాస్తాను."

"అక్కర్లేదు బాబూ!"

సరే, నోటితో చెప్పకూడదు గానీ ఉపాయం చెయ్యకూడదని ఒట్టులో లేదుగా! వేగం తగ్గించాడు. వెనకవాడు విసుగెత్తి దాటి వస్తాడని. యోరిస్ కూడా తగ్గించాడు. బూటు లేసు ఊడిందని ఆగాడు. యోరిస్ ఆగి, "నేను కట్టనా?" అన్నాడు. ఒంటికి పోసుకోవాలన్న వంక పెట్టి చెట్టు వెనక్కి పోయాడు. ఈ మహానుభావుడు కూడా వచ్చి పక్క చెట్టు దగ్గర నిలబడి, గాలి ఎటుందో చూసుకోకుండా మొదలుపెట్టి, మేజోళ్ళు తడుపుకున్నాడు. ముందుగా బయల్దేరతాడేమోనని నార్బర్ట్ గుండీలు పెట్టుకోవడానికి ఎంతసేపు తీసుకోవచ్చో అంతసేపూ తీసుకున్నాడు. యోరిస్ సైకిల్ పట్టుకుని, "మీరు పదండి, మీ వెనకే వస్తాను," అన్నాడు నవ్వుతూ.

మీ వెనకే వస్తాడట! ఆ మాటని అంత ముద్దుగా అన్న జలగని నార్బర్ట్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మెరుపు కాలువ, కంపు కాలువ అని అక్కడివాళ్ళు పిలుచుకునే జంట కాలువలు దాటేసరికి ఆయనకి తొడలు మండిపోతున్నాయి. ఎదురుగా సైకిల్ క్లబ్బు జట్టొకటి గాలివాటుగా దూసుకొచ్చింది. అందులో పాత స్నేహితుడు ఫిర్మిన్ అరిచాడు.

"ఏం నార్బర్ట్, ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించావా?"

జట్టంతా ఘొల్లుమని నవ్వుకుంటూ పోయింది. నార్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. తనని, నార్బర్ట్ ని, నడిగట్టు మీద, అందరూ చూస్తుండగా ఒకడు వాడేసుకుంటున్నాడు! వీడితో తన కూతురు కాపురం చేస్తుందట. రేపు పిల్ల పుడితే రాత్రిళ్ళు అన్నెలీనే లేస్తుంది, ఇల్లు కారితే అది చూసుకుంటుంది, వీడు వెనకనుంచి "నీకు మోచెయ్యి నొప్పా?" అంటాడు. గాలంతా దాని మొహానికే. కోపం కాదది, నిజంగా భయం.

ఇంకా తగ్గించాడు వేగం. ఇంకా, ఇంకా. డామ్ ఊరు కూడా దాటాక, బ్రూజ్ నుంచి వచ్చే టూరిస్టు పడవ ఎదురుపడి, దాటిపోయి, మలుపు తిరిగేదాకా వాళ్ళు అదే చెట్టు దగ్గరున్నారు. పడవలోవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఒక బాతు పిల్లలతో సహా నీళ్ళలో వాళ్ళని దాటేసింది. సైకిల్ నిలబడాలంటే కాస్తయినా కదలాలి. ఇది మాత్రం పసివాళ్ళకి కూడా తెలిసిన సంగతే. పంతంలో పడి నార్బర్ట్ మరిచిపోయాడు. అలా కదిలీ కదలకుండా ఒక క్షణం నిలిచి, గౌరవంగా, నెమ్మదిగా, పక్కనున్న దురదగొండి మొక్కల్లోకి ఒరిగిపోయాడు.

"అయ్యో అయ్యో!" అంటూ యోరిస్ సైకిల్ పడేసి పరిగెత్తాడు. "దెబ్బ తగిలిందా అండీ? ఆ మోచేతి వల్లే..."

అంతే. ఒట్టు గట్టు దాటింది.

"మోచెయ్యా! మోచెయ్యి నీ తలకాయ! ముందుకు రమ్మంటున్నానురా జలగా! స్లౌస్ నుంచి పిలుస్తున్నాను! ఒక్కసారి, ఒకే ఒక్కసారి ముందుకొచ్చి గాలి పట్టలేవా? సిగ్గు లేదూ నీకు?"

యోరిస్ అలాగే నిలబడిపోయాడు. మొహం తెల్లబడింది. "అన్నెలీన్ వద్దందండీ," అన్నాడు. "ఏం చేసినా చెయ్యి గానీ మా నాన్నని మాత్రం దాటకు, దాటినవాణ్ణి ఇంట్లోకి రానివ్వడు అంది. ఒట్టు వేయించుకుంది."

గోడెలీవ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, ఏడుపాపుకోవడానికో తెలీలేదు. అన్నెలీన్ మాత్రం నవ్వలేదు.

"అవును, నేనే చెప్పాను," అంది. "ముందుకొస్తే తప్పు, వెనకుంటే తప్పు. నీ పక్కన ఎక్కడ నిలబడాలి నాన్నా మనిషన్నవాడు? పద యోరిస్. మనం అవతలి గట్టు మీంచి పోదాం. అమ్మా, నీకు ఫోన్ చేస్తాను. ఆదివారాలు ఇక వద్దులే."

"వాడు నిన్ను వాడుకుంటాడనుకున్నానే!" నార్బర్ట్ మొక్కల్లోంచే అరిచాడు. అరచేతులు, చెవులు భగభగమంటున్నాయి. "రేపు గాలంతా నీ ఒక్కదానికే వదిలేస్తాడనుకున్నాను. మీ అమ్మకి నేనెప్పుడైనా గాలి తగలనిచ్చానా? అడుగు! పెళ్ళైన మర్నాటి నుంచీ నేనే ముందు!"

"నన్నడిగావా ఎప్పుడైనా?" అంది గోడెలీవ.

ఆవిడ అరవలేదు. అందుకే అందరికీ వినిపించింది.

"గాలి తగలనివ్వలేదు, నిజమే. నేనేం కాదనను. కానీ నార్బర్ట్, ఈ కాలువ అందంగా ఉంటుందని ఊరంతా అంటుంది. ఎక్కడెక్కడివాళ్ళో విమానాలెక్కి చూడ్డానికొస్తారు. ఇన్నేళ్ళు ప్రతి ఆదివారం వచ్చి నేను చూసిందేమిటి? నీ వీపు! ఏ చొక్కాకి ఎక్కడ చిరుగుందో చెప్పమను, చెప్తాను. ఎన్నోసార్లు పక్కకొచ్చాను, ముందుకొస్తానని. నువ్వు ఇంకా గట్టిగా తొక్కేవాడివి. నువ్వు మోచెయ్యి ఆడించింది ఇవాళే మొదటిసారి. అదీ ఎందుకు? ఆ అబ్బాయిని పరీక్ష చెయ్యడానికి."

వంతు, వంతు అని జీవితమంతా ఊరి మీద పడి అరిచినవాడికి, ఇంట్లో వంతు ఇవ్వలేదన్న సంగతి దురదగొండి మొక్కల్లో కూర్చున్నాక తెలిసింది. అన్నెలీన్ అప్పటికే సైకిల్ తిప్పుకుంది. ఒక కాలు పెడల్ మీదుంది. ఇప్పుడు పోయిందా, ఆ కుర్చీ ఇక ఖాళీయే.

"అన్నెలీన్, పోకు," అన్నాడు. "నేను వెనకొస్తాను."

"ఏంటి?"

"వెనకొస్తాను. అందరికన్నా వెనక. మీరు పదండి ముందు."

గోడెలీవ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని ఆయన్ని చూసింది. రేపట్నుంచి ఘెంట్ లో కాపురం పెడతానని అన్నా అంత ఆశ్చర్యపోయేది కాదు. అన్నెలీన్ సైకిల్ ని మళ్ళీ ఇటు తిప్పింది. యోరిస్ వచ్చి నార్బర్ట్ ని చెయ్యి పట్టి లేపాడు, చొక్కాకి అంటుకున్న ఆకులు దులిపాడు. "ఇంకా కొంచెం మిగిలాయి," అన్నాడు వీపు తడుతూ.

ముందు గోడెలీవ వెళ్ళింది. తర్వాత అన్నెలీన్, తర్వాత యోరిస్, చివర నార్బర్ట్. గోడెలీవ మొదటి పది గజాలు గాలికి అటూ ఇటూ ఊగింది. నార్బర్ట్ నోటి దాకా వచ్చిన సలహాని మింగాడు. ఆవిడ కుదురుకుంది. కాసేపటికి మోచెయ్యి ఆడించింది, పక్కకి తప్పుకుంది, అన్నెలీన్ ముందుకొచ్చింది. తర్వాత యోరిస్. అతను ముందున్నప్పుడు ఎటు పడితే అటు పోతున్నాడు, వెనకవాళ్ళకి సగం గాలి తగులుతూనే ఉంది. ఘోరంగా తొక్కుతున్నాడు. కానీ నాలుగు సార్లు తొక్కితే ఒకసారి తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు, ఎవరైనా మిగిలిపోయారేమోనని.

ఇంట్లోవాళ్ళ వెనక ఎలా ఉంటుందో నార్బర్ట్ కి తెలియడం ఇదే మొదటిసారి. వెచ్చగా ఉంది. తేలిగ్గా ఉంది, కాస్త సిగ్గుపడేంత తేలిగ్గా. ఇంకొకటి కూడా ఉంది, అది ఆయన కలలో కూడా ఊహించలేదు: వెనక మాటలు వినబడతాయి. ముందున్నవాడికి, వెనకనుంచి గట్టిగా పిలిస్తే తప్ప, చెవుల్లో హోరే. వెనకున్నవాడికి, ఎదురుగాలి ముందువాళ్ళ మాటలన్నీ మోసుకొచ్చి ఇస్తుంది. ఇన్నేళ్ళూ తన వెనక వీళ్ళు ఇలా మాట్లాడుకుంటూనే ఉన్నారన్నమాట!

"అదిగో, ఆ కిటికీలకి నీలం రంగు వేశారు," అంటోంది గోడెలీవ. "అబ్బ, కొంగ! అన్నెలీన్, అటు చూడవే, కొంగ!"

తర్వాత అన్నెలీన్ గొంతు, యోరిస్ తో. "చిన్నప్పుడు నాన్న సైకిల్ వెనక సీటు నాదే. మొహం నాన్న వీపుకి ఆనించి పెట్టుకునేదాన్ని. చెట్లన్నీ వంగిపోతుండేవి, నాకు మాత్రం జుట్టు కూడా కదిలేది కాదు. గాలనేది వేరేవాళ్ళకి ఉంటుంది కాబోలు, మనకి ఉండదు అనుకునేదాన్ని. ఇంకో సంగతి చెప్పనా? ఆ మొదటివాళ్ళిద్దరి విషయంలోనూ నాన్న అన్నదే నిజం. ఆయనకి మాత్రం చెప్పకు, ఇంక పట్టలేం."

నార్బర్ట్ కి కళ్ళు నిండిపోయాయి. చొక్కా చేత్తో తుడుచుకున్నాడు, మళ్ళీ నిండాయి. అన్నెలీన్ రెండో వంతు అయిపోయి, యోరిస్ ని ముందుకి పంపి, వెనక్కి జారుతూ ఆయన పక్కకొచ్చింది. ఆయన మొహం చూసి పెడల్ ఆపింది.

"నాన్నా! ఏడుస్తున్నావా?"

"గాలికి," అన్నాడు.

"ఇక్కడ గాలెక్కడుంది?"

నార్బర్ట్ అటూ ఇటూ చూశాడు. నిజమే, ఎక్కడా లేదు.

"లేదు," అన్నాడు. "ఏడుస్తున్నాను. ఆదివారం వస్తారుగా ఇద్దరూ?"

అన్నెలీన్ చెయ్యి చాచి ఆయన వీపు మీద వేసింది, అలాగే ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుతూ. తర్వాత ముందుకి చూసి కేకేసింది.

"యోరిస్! కాస్త మెల్లగా పోనీ. వెనక నాన్నున్నాడు."